సున్నా నొక్కాక

దెయ్యాలకి అర్ధరాత్రే కావాలని ఎవరన్నారో గానీ, నాకు మాత్రం ఇవాళ పట్టపగలే, అన్నం తిన్న చెయ్యి ఇంకా ఆరకముందే మొదలైంది.

నేను నీళ్ల ప్లాంటులో మీటర్లు బాగుచేసే మెకానిక్‌ని. ఇవాళ క్లోరిన్ గదిలో, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో కొలిచే సెన్సర్ సరిచెయ్యాలి. అది సరిగ్గా చూపిస్తే గానీ ఊళ్లోకి నీళ్లు వదలరు. పైపు మొదట్లోనే మా క్వార్టర్స్. మా పాపకి ఆయాసం. మా ఆవిడ పొద్దుటి నుంచీ ఫోన్ మీద ఫోన్. "ఏవండీ, బిందెలన్నీ ఖాళీ. దానికి మందెయ్యడానికైనా గుక్కెడు నీళ్లు లేవు. మీ మీటరు ముచ్చట్లు త్వరగా కానివ్వండి."

మా మావగారు పోయిన వేసవిలో ఆ గదిలోనే పోయారు. అక్కడే ఆపరేటరు. గ్యాస్ లీకైంది, గోడ మేకుకున్న మాస్కు దాకా చెయ్యి అందలేదు. ఆ మాస్కు ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది. పాపంటే ఆయనకి ప్రాణం.

పనేం బ్రహ్మవిద్య కాదు. ముందు క్లోరిన్ లేని నీళ్లు సెన్సర్ గుండా పంపాలి. అంకె నిలబడ్డాక, ఇదే సున్నా అని బటన్ నొక్కి మెషీన్‌కి చెప్పాలి.

అంకె నిలబడితేగా! మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది, కాస్త ఆగి మళ్లీ పెరుగుతుంది.

"గాలి బుడగలేమో చూడరా," అన్నాడు ఇప్పటి ఆపరేటరు, గుండు బాబాయ్.

బుడగల్లేవు. సెన్సర్ మూతి విప్పి కడిగాను. పైపు మార్చాను. మెషీన్నీ, దాన్ని చేసినవాణ్నీ కలిపి తిట్టాను. అయినా అదే వరస. గదంతా తడి సిమెంటు వాసన. మధ్యలో సన్నగా క్లోరిన్ ఘాటు.

మాటలాపాక వినిపించింది.

ఊపిరి... గొంతు గీరుకుంటూ లోపలికి పీల్చే ఊపిరి. పీల్చినప్పుడు అంకె పెరుగుతోంది. వదిలినప్పుడు తగ్గుతోంది.

బాబాయ్ నా భుజం పట్టుకున్నాడు. ఆయన చూపు మాస్కు మీదుంది. దాని అద్దం లోపల్నుంచి మసకబారింది. తేటపడింది. మళ్లీ మసకబారింది.

"ఒరేయ్... మీ మావ..."

"ఊరుకో బాబాయ్."

మళ్లీ ఫోన్ మోగింది. మా ఆవిడే. తియ్యలేదు. మెషీన్ తెర మీద ప్రశ్న... ఇప్పుడున్నది సున్నాగా తీసుకోవాలా? ఉన్నదాన్ని లేనట్టే లెక్కగట్టమని చెప్పడం అది. నాకు తెలుసు. కానీ పాపకి నీళ్లు కావాలి. ఆ గదిలోంచి నేను బయటపడాలి.

నొక్కేశాను.

అంకె సున్నా దగ్గర ఆగింది. ఊపిరీ ఆగింది. మాస్కు అద్దం తేటగా ఉంది. తర్వాత ఊళ్లోకి వదిలే క్లోరిన్ నీళ్లు పెట్టి, గాజు గొట్టంలో క్లోరిన్ పరీక్ష మాత్ర వేస్తే చక్కటి గులాబీ రంగొచ్చింది. మీటరూ అదే చెప్పింది. బాబాయ్ వాల్వు తిప్పాడు. హమ్మయ్య అనుకున్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "మందేసి నీళ్లు తాగించానండీ. అప్పట్నుంచి అదోలా పీలుస్తోంది. డాక్టరేమో ఛాతీ శుభ్రంగా ఉందంటాడు!"

పాప నిద్రపోతోంది. ఆ ఊపిరి పిల్లలది కాదు. గొంతు గీరుకుంటూ... నాకు తెలిసిన వరసే.

ప్లాంటుకి పరిగెత్తాను. ఆ సున్నా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. పైపుకి నోరానించి, "మావయ్యా, ఇక్కడికి వచ్చెయ్యండి... దాన్నొదిలెయ్యండి," అని ఏడుస్తూ బతిమాలాను. అంకె బండరాయిలా కదల్లేదు.

ఇంటికొచ్చేశాను. మంచం పక్కన పాప సగం తాగిన గ్లాసు. జేబులో మిగిలిన మాత్ర అందులో వేశాను. గులాబీ రంగొచ్చింది. పాప పీల్చింది, రంగు ముదిరింది. వదిలింది, పలచబడింది. ముదిరింది... పలచబడింది...

"ఏముందండీ అందులో?" అంది మా ఆవిడ గుసగుసగా.

"ఏం లేదే," అన్నాను.

ఇందాక రంగు పలచబడింది. పూర్తిగా పోయింది. గ్లాసులో ఉత్త నీళ్లు. పాప వైపు తల తిప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు. గ్లాసునే చూస్తున్నాను. మళ్లీ రంగొస్తుందేమోనని...