ఎలుగు దగ్గర పెట్టిన తుపాకి

పెట్టె మూత తీయగానే పాత నూనె వాసన గుప్పుమంది. ఆ వాసన ఓబులేసు ఎరిగిందే. చిన్నప్పుడు తాత తిమ్మప్ప అరచేతుల్లో ఉండేది. ఎంత బూడిద పెట్టి రుద్దినా పోయేది కాదు.

అది తిమ్మప్ప వేట కొలువు చేసిన బంగళా దొర తుపాకుల పెట్టె, తెచ్చినాయన నవాజ్ సాబు. హైదరాబాదులో మూడు తరాలుగా పాత వేట తుపాకులు కొని అమ్మే ఇంటి మనిషి. పెట్టె లోపల పచ్చ మఖమలు పరిచి, రెండు తుపాకులు పట్టేలా రెండు గుంటలు చేశారు. రెండూ ఖాళీగానే ఉన్నాయి. అడవిలోకి తుపాకి తేకూడదు గనుక ఉన్న ఒక్కదాన్ని సాబు ఇంట్లోనే పెట్టి వచ్చాడు. దాని గొట్టం మీద బంగారు తీగతో రెండు అంకె పొదిగి ఉంటుందట. ఒకే చేతిపని, ఒకే మాను నుంచి కోసిన కర్ర, రెంటి కర్రలోనూ ఒకే నార గీతలు. ఒకటో నంబరు పక్కన లేకపోతే రెండో నంబరు వట్టి తుపాకే గానీ జోడు కాదని సాబు దిగులుగా చెప్పాడు.

ఊడిన మఖమలు అతికిద్దామని ఎత్తితే కింద కాగితం దొరికిందట. బంగళాలో దొర పిల్లల పక్కన కూర్చుని తిమ్మప్ప నేర్చిన వంకర అక్షరాలు. "ఒకటో నంబరు ఎలుగు దగ్గర పెట్టినాను. ఎవరూ తేవద్దు. తిమ్మప్ప."

ఓబులేసు ఆ రెండు ముక్కల్నీ మళ్ళీ చదివాడు. తుపాకి అమ్ముకున్నాడని దొర తిమ్మప్పను కొలువు నుంచి తరిమేశాడు. అప్పటినుంచి ఊళ్ళో వాళ్ళది తుపాకి దొంగోళ్ళ ఇల్లు. ఓబులేసుకు యాభై దాటినా, సంతలో ఎవరి గొర్రె తప్పిపోయినా జనం ముందు అతని వైపే చూస్తారు.

దారి చూపినందుకు ఏమివ్వాలని సాబు అడిగాడు. ఏమీ వద్దన్నాడు ఓబులేసు. తుపాకి దొరికితే మాత్రం ఊరందరి ముందు నిలబడి, తిమ్మప్ప దాన్ని అమ్ముకోలేదని చెప్పాలి. సాబు గుండె మీద చెయ్యేసుకుని ఒప్పుకున్నాడు.

మూడోవాడు బీరప్ప. గొర్రెలు కాసే కురుబ బీరప్పకు తెలియని గుహ, వాళ్ళ మాటలో గవి, ఆ కొండల్లో లేదు. మాట ఎక్కువ, భుజాన గొంగడి, కుడిచేతికి వెండి కడియం. సాబు కన్ను వ్యాపారి కన్ను. తెల్లవారి అడవిలో అడుగుపెట్టేసరికే ఆ కడియం మీద పడింది. దాని జోడు ఏదని అడిగాడు.

"మా తాత సిద్దప్ప చేతికుండి ఆయనతోనే పోయింది సాబు. మేకపిల్ల తప్పిపోయిందని ఎతకను పోయినాడు. మేకపిల్ల మర్నాడు ఇల్లు చేరింది. ఆయన ఇంకా రాలా."

బీరప్ప నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ ఇంట్లో ఈనాటికీ సిద్దప్పకు కర్మ చెయ్యలేదని ఓబులేసుకు తెలుసు. మనిషి పోయినాడో బతికున్నాడో తేలకుండా ఎట్లా చేస్తారు?

పొద దట్టమైన చోటల్లా బీరప్ప గొంతెత్తి "ఓ...హో" అని కూత వేస్తున్నాడు. ఎందుకని సాబు అడిగితే, గొంగడి కప్పుకున్నవాడు పొదల్లో అట్లా కూత వేసుకుంటూ పోవాలని తన తండ్రి నేర్పినాడన్నాడు. ఆయనకు నేర్పింది తిమ్మప్పేనట. కొలువు పోయాక ముసలాయన దారిలో కూర్చుని, వచ్చే పోయే గొర్రెలవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడట, "ఎలుగిచ్చి పోండిరా." తిక్క పట్టిందని జనం నవ్వుకునేవాళ్ళు. అయినా అలవాటు మిగిలిపోయింది.

ఆ మాట ఓబులేసు చెవిలో పడింది గానీ మనసుకు ఎక్కలేదు.

ఎలుగు అని రాసి ఉంది గనుక ఎలుగుబంటి గవులే వెతకాలని సాబు పట్టుబట్టాడు. మొదటి రోజు రెండు గవులు చూశారు. బయట తవ్వేసిన పుట్టలు, లోపల ఇప్పగింజలు కలిసిన పెంట కుప్పలు. తుపాకి జాడ లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి సాబు బూట్లు నోళ్ళు తెరిచాయి. మూడో గవి కూడా వట్టిదే. దాన్ని దాటి ఇరుకు లోయలోకి దిగారు. గాలి ఆగిపోయింది. పిట్ట కూడా పలకడం లేదు. ఎండ ఉంది, వేడి లేదు.

బీరప్ప అలవాటుకొద్దీ "ఓ...హో" అన్నాడు.

లోయ బదులివ్వలేదు. ముగ్గురూ నాలుగడుగులు వేశారు. అప్పుడు వచ్చింది బదులు. ఎదుటి కొండ చరియలో, తీగల వెనక నుంచి. బీరప్ప గొంతు కాదది. పండుటాకులాంటి ముసలి గొంతు, దాహం వేసినవాడు పిలిచినట్టు. ఒకసారి కాదు, రెండుసార్లు.

బీరప్ప మొహంలో నవ్వు చెరిగిపోయింది. ఆ చరియ దగ్గరికి గొర్రెలు రావనీ, తనూ ఏనాడూ రాలేదనీ గొణిగాడు.

ఓబులేసు ఆ గొంతు వైపు తిరిగాడు. చిన్నప్పుడు తనకు జ్వరం వచ్చి గొంతు పూడుకుపోయిన రోజుల్లో తాత అడిగిన మాట గుర్తొచ్చింది. నీ ఎలుగు ఏమాయెరా ఓబులా, అని.

"సాబూ, మా తాత జంతువును ఎలుగు అనడు. ఎలుగొడ్డు అంటాడు. ఎలుగంటే ఆయనకు గొంతు."

తీగలు కోస్తే మనిషి పాక్కుంటూ పోగల సందు కనిపించింది. ముందు ఓబులేసు, వెనక సాబు. బీరప్ప సందు మొదట్లో టార్చి పట్టుకుని కూర్చున్నాడు. లోపల గది ఎత్తుగా, పొడిగా ఉంది. వాళ్ళ ఊపిరి గోడలకు తగిలి ఆలస్యంగా వెనక్కి వస్తోంది. ఇద్దరికి బదులు ముగ్గురు ఊపిరి పీలుస్తున్నట్టుంది.

మూల తుపాకి గోడకు ఆనించి ఉంది. సాబు మోకాళ్ళ మీద కూలబడి వేలితో దుమ్ము తుడిచాడు. తుప్పు మధ్య బంగారు ఒకటి తళుక్కుమంది. ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. బలవంతాన గొట్టాలు వంచి తెరిచాడు. జంట తూటాల ఇత్తడి ఆకుపచ్చగా చిలుము పట్టింది. ఒకదాని నెత్తిన సూది గుచ్చిన గుర్తుంది, రెండోదానికి లేదు.

"ఒక్కటే పేలింది. మీ తాత దొంగ కాదు ఓబులేసు. నేను చెప్తా, ఊరంతా వినేట్టు చెప్తా."

నలభై ఏళ్ళుగా ఓబులేసు వినాలనుకున్న మాట అది. కానీ అతని టార్చి తుపాకి పక్కన ఆగిపోయి ఉంది. అక్కడ గోడకు వీపు ఆనించి, నల్ల గొంగడి మెడదాకా కప్పుకుని ఒకరు కూర్చున్నట్టుంది. మనిషి లేడు, ఎముకలే. గొంగడి రొమ్ము దగ్గర తూటా దూసిన చిల్లు. పక్కన సొరకాయ బుర్ర. ఎవరో నీళ్ళు తాగించారు, చివరిదాకా కూర్చున్నారు, చలి పెట్టకుండా కప్పి వెళ్ళారు. మడతలోంచి జారిన ముంజేతి ఎముక మీద వెండి కడియం.

గొంగడి కొస జానెడు లాగితే ఆ కడియం కనపడదు. సాబు తుపాకినే చూస్తున్నాడు. బీరప్ప సందు అవతల ఉన్నాడు. కొస లాగి, తుపాకి తీసుకుని బయటికి పోతే దొంగ అన్న పేరు పోతుంది. ఓబులేసు చెయ్యి గొంగడి దాకా వెళ్ళింది. ఊలు గరగరమంది. గది ఆ చప్పుడును కాసేపు దాచుకుని, మెల్లగా తిరిగి ఇచ్చింది. చెవి దగ్గర ఎవరో నిట్టూర్చినట్టు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బీరప్పా, రా. మీ తాత ఈడుండాడు."

బీరప్ప వచ్చాడు. తన కడియం ఎముక మీది కడియం పక్కన పెట్టి చూశాడు. ఓబులేసే చెప్పాడు. మసక వేళ, నల్ల గొంగడి కప్పుకున్న సిద్దప్ప పొదలో వంగి కదులుతుంటే తిమ్మప్ప ఎలుగొడ్డు అనుకుని కాల్చి ఉంటాడనీ, పేల్చాకే మనిషి ఎలుగు వినపడి ఉంటుందనీ. గాయపడినవాణ్ణి ఈ గవిలోకి చేర్చి, ప్రాణం పోయాక ఆ గొంతు దగ్గరే తుపాకి వదిలేసి పోయాడు.

బీరప్ప బదులు చెప్పేలోగా సందులో వెలుతురు ఆరిపోయింది. తడి వెంట్రుకల కంపు. గురగురలాడే ఊపిరి. కోసిన తీగల దారి పట్టుకుని నిజం ఎలుగొడ్డే వచ్చింది. టార్చి వెలుగులో తెల్లని మూతి, పొడవాటి గోళ్ళు.

సాబు తటాలున గొట్టాలు మూసి తుపాకి ఎత్తాడు. ఓబులేసు గొట్టాన్ని పట్టి కిందికి వంచాడు.

"ఇంకోసారి వద్దు సాబు. చిలుము తూటా, మన మొగాలమీదే పగులుతాది."

జంతువు రెండు కాళ్ళ మీద లేచింది. అప్పుడు బీరప్ప గుండెలనిండా గాలి పీల్చి కూత వేశాడు. చిన్నప్పటినుంచి కొండకూ మందకూ వేసిన కూతే. గది దాన్ని మింగింది. ఒక క్షణం ఏమీ లేదు. ఆ తరువాత నాలుగు వైపులనుంచీ తిరిగి వచ్చింది, ఒక కూత కాదు, వందమంది గొర్రెలవాళ్ళు ఒక్కసారి అరిచినట్టు, అన్నిటికీ మీద ఆ ముసలి గొంతు. ఎలుగొడ్డు కుంగింది, గిర్రున తిరిగి సందులో ఒరుసుకుంటూ పారిపోయింది. దాని అడుగుల చప్పుడు దూరమయ్యాక కూడా గది పిలుస్తూనే ఉంది.

పైనుంచి మట్టి రాలడం మొదలైంది. పోదాం పదండన్నాడు ఓబులేసు. సాబు తుపాకిని ఒకసారి ఒడిలోకి తీసుకున్నాడు, బంగారు అంకె మీద బొటనవేలు రాశాడు. తరువాత, ఎవరూ తేవద్దన్నాడు కదా అంటూ, అది ఉన్న గుర్తులోనే, గోడకు ఆనించి పెట్టేశాడు. తన దగ్గరున్నది ఇక ఒంటి తుపాకేనని దాన్ని కొనేవాడికి చెప్పుకుంటానన్నాడు. తాత కర్మకోసం బీరప్ప కడియం ఒక్కటి తీసుకుని, తన కొత్త గొంగడి పాతదాని మీద కప్పాడు. పాక్కుంటూ బయటపడ్డాక ముగ్గురూ కలిసి ఆ సందును బండలతో మూశారు.

ఊళ్ళో జనం గుమిగూడారు. సాబు మాట నిలబెట్టుకోవడానికి ముందుకు రాబోతే ఓబులేసు ఆపి తనే చెప్పాడు.

"మా తాత తుపాకి అమ్ముకోలా. దాంతో సిద్దప్పను చంపినాడు."

అందరూ బీరప్ప వైపు తిరిగారు. అతని రెండు చేతులకూ ఇప్పుడు కడియాలున్నాయి.

"ఎలుగొడ్డనుకున్నాడు," అన్నాడు బీరప్ప. "ఆ తప్పు ఇంకొకరు చెయ్యకుండా ఉండాల అనే సచ్చేదాకా దారిలో కూచున్నాడు. మీరేమో తిక్కోడన్నారు."

కర్మ అయిన మర్నాడు పొద్దున మంద కొండెక్కింది. పొదల్లోంచి "ఓ...హో" అని వినిపించింది. ఓబులేసు ఎప్పుడూ ఆ కూతకు బదులిచ్చినవాడు కాదు. ఆ వేళ వాకిట్లోకి వచ్చి, తల ఎత్తి, ఎలుగిచ్చాడు.