జేబులో నందివర్ధనం

ఆ ఇంట్లో నేను మొదటిసారి నోరు తెరిచి అన్న మాట ఇది: "ఇంత చెక్కుడు పని ఈ రోజుల్లో మిషన్ ఒక్క పూటలో చేసేస్తుందండీ."

అన్నది ఎవరితో? పొదిలి చుట్టుపక్కల నలభై ఏళ్ళపాటు ద్వారబంధాల మీద చిలకలూ లతలూ చెక్కిన వడ్రంగి యలమందయ్య గారితో. ఎప్పుడు? పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయిన ఆరో నెలలో. నేను వెళ్ళింది వాళ్ళ ఇన్వర్టర్ బాగుచెయ్యడానికి. అది బాగుచేసి, ఆయన మనసు పాడుచేశాను.

ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. అనాల్సినవన్నీ వాకిట్లో నా బండి దగ్గరికొచ్చి ఆయన కూతురు అంది.

"మీరు ఇంజినీరా?"

"అవునండీ. ఈసీఈ. పేరు వీరాంజనేయులు. అంజి అంటారు."

"నోటికి కూడా ఒక స్విచ్ ఉంటుందని కాలేజీలో చెప్పలేదా?"

అంటూనే ఆ అమ్మాయి తుమ్మింది. వెంటనే ఇంకోటి. మాది మిరప సేద్యం. ఫిబ్రవరి నెల, కళ్ళంలో కాయలు ఆరుతున్నాయి. పొద్దున బస్తాలు ఎత్తి, అదే చొక్కాతో నా రిపేరు షాపుకీ, అక్కణ్ణించి వాళ్ళింటికీ వచ్చేశాను.

"ముందు చొక్కా మార్చుకోండి. మాటలు తర్వాత నేర్చుకుందురుగాని," అని ముక్కు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది. పేరు లక్ష్మీదుర్గ. అందులో లక్ష్మి ఎక్కడుందో ఆ రోజు నాకు కనిపించలేదు.

వారం రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత సిగ్గు విడిచి మళ్ళీ వెళ్ళాను, ఉతికిన చొక్కాతో.

"మిషన్ గురించి ఊరికే కోతలు కొయ్యలేదండీ. నిజంగానే ఒకటి చేస్తున్నాను. హాబీ లెండి," అన్నాను దుర్గతో.

షాపు వెనకగదిలో రెండేళ్ళుగా దాంతో కుస్తీ పడుతున్నాను. సీఎన్‌సీ అంటారు. మూడు మోటార్లు. ఒకటి అటూ ఇటూ, ఒకటి ముందుకీ వెనక్కీ, ఒకటి పైకీ కిందకీ కదుపుతుంది. కంప్యూటర్ చెప్పిన దారిలో ఆ మూడూ కదిలితే, మధ్యలో గిర్రున తిరిగే చిన్న కట్టర్ చెక్కను చెక్కుకుంటూ పోతుంది.

దుర్గ లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చింది. "కనిగిరి సుబ్బరావమ్మ గారి ఇంటికి ద్వారబంధం పైన బిగించే పలక ఒకటి మిగిలిపోయింది. చెయ్యి బాగున్నప్పుడే నాన్న బొమ్మ గీసిపెట్టాడు. ఇంకొకరి చిలకలు ఆవిడకి వద్దట, నాన్న గీసినవే కావాలట. మార్చి నెలాఖరు గురువారం ముహూర్తం."

"ఆ రోజుకి కాకపోతే?"

"నాన్న ఒట్టు పెట్టుకున్నాడు. చెక్కపని షెడ్డు మూసేసి, ఉలులూ సుత్తులూ టేకు డిపో మాబు సాహెబ్‌కి ఇచ్చేసి, నన్ను తీసుకుని హైదరాబాదులో మావయ్య దగ్గరికి వెళ్ళిపోతాడట."

నన్ను తీసుకుని అన్న ముక్క అప్పుడు నాకు మామూలుగానే వినిపించింది. నెల తిరిగేసరికి అన్నం సయించనివ్వలేదు.

ఆ నెలంతా దుర్గ రోజూ మధ్యాహ్నం మా షాపుకొచ్చి, వాళ్ళ నాన్న గీసిన కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. బీయస్సీ కంప్యూటర్స్ చదివింది, మౌసు పట్టుకుంటే చెయ్యి వణకదు. ఒక్కో ఆకు అంచునీ పదిసార్లు దిద్దేది.

"ఈ చిలక ముక్కు బాగానే వచ్చిందిగా?" అనేవాణ్ణి.

"ఇది మీ ముక్కు. నాన్న చిలకకి ఇంకా వంపు ఉంటుంది."

దిద్దుతున్నప్పుడు పెదవి కొరుక్కుంటుంది. తప్పు పోతే తన నెత్తిన తనే మొట్టుకుంటుంది. నేను పక్కన కూచుని టంకం పెడుతున్నట్టు నటిస్తూ రెండుసార్లు వేలు కాల్చుకున్నాను. ప్రేమ అంటే ఏమిటో తెలియదనుకునేవాణ్ణి. కాలిన వేలు నీళ్ళగ్లాసులో ముంచి, "చూసి పని చేసుకోండి, అంజి గారూ," అని తను కోప్పడినప్పుడు తెలిసింది.

ముహూర్తానికి రెండు రోజుల ముందు, మంగళవారం సాయంత్రం మిషన్‌ని వాళ్ళ షెడ్డులోకి చేర్చాం. పనికిరాని చెక్కముక్క మీద బొటనవేలంత చిలకను చెక్కించాను. దుర్గ మిషన్ మీద రాలిన పొట్టు తుడుస్తూ, మోటారు ఇరుసుని వేళ్ళతో తిప్పబోయింది. అది కదల్లేదు.

"ఇదేంటి, బిగుసుకుపోయింది?"

"కరెంటు ఉన్నంతసేపు మోటారు పట్టు వదలదండీ. నాలాగే."

"మీ గురించి అడిగానా?" అంది గాని, నవ్వింది.

అప్పుడే యలమందయ్య గారు ఎడమచేత్తో కర్ర ఊతగా గుమ్మం దాకా వచ్చారు. కర్ర గుమ్మానికానించి, నేనిచ్చిన చిలకని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు.

"ఇంజినీరు గారూ, చెక్క ఎటువైపు చీలుతుందో దీనికి తెలుస్తుందా?"

ఆ 'గారు'లో గౌరవం కన్నా దూరమే ఎక్కువ. "తెలియదండీ. మీరు నాకు చెబితే, నేను దానికి చెబుతాను," అన్నాను.

ఆయన కర్ర అందుకుని వెళ్ళిపోయారు. చిలకని మాత్రం తిరిగివ్వలేదు.

బుధవారం పొద్దున ఆకాశం మబ్బేసి ఉంది. మిరపకాయలు ఆరే రోజుల్లో మబ్బు చూస్తే మా ఊళ్ళో ఎవరికీ ముద్ద దిగదు. కాయలకి ఒక పక్క పట్టాలు కప్పేసి పరుగున వచ్చాను. షెడ్డులో ఇంకా ఎవరూ లేరు. మిషన్ బల్ల అంచున ఒక నందివర్ధనం పువ్వు పడి ఉంది, తాజాగా, తెల్లగా. నిన్న దుర్గ వంగి పొట్టు తుడిచింది సరిగ్గా అక్కడే. అటూ ఇటూ చూసి పువ్వు తీసి జేబులో వేసుకున్నాను. ఇరవై ఆరేళ్ళ ఇంజినీరు చెయ్యాల్సిన పని కాదు. చేశాను.

కాసేపటికి దుర్గ వచ్చింది, నన్ను చూసి తుమ్మింది. "మళ్ళీ అదే చొక్కానా?" అంది. టేకు పలక బిగించాం. కంప్యూటర్లో స్టార్ట్ నొక్కాను.

స్క్రీన్ మీద అంకెలు పరిగెత్తాయి. మోటార్లు కదల్లేదు.

"నేను తుమ్మానుగా, కాసేపు ఆగి మొదలుపెట్టాల్సింది," అంది దుర్గ.

"తుమ్ముకీ మోటారుకీ సంబంధం లేదండీ," అని కేబుల్ పీకి మళ్ళీ పెట్టాను. లాభం లేదు. కొత్త కేబుల్ వేశాను. కంప్యూటర్ ఆపి వేశాను. మీటర్ పెట్టి చూస్తే కరెంటు సక్రమంగానే వస్తోంది, బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయి. అంకెలు మాత్రం హాయిగా పరిగెడుతున్నాయి, చిలక చెక్కేస్తున్నట్టే.

బయట చినుకులు మొదలయ్యాయి. జేబులో ఫోను మోగింది.

"ఒరేయ్, రెండో పక్క పట్టా కప్పాలి, ఎక్కడున్నావురా?" అని అరిచాడు మా నాన్న చెంచయ్య.

"పక్కింటి బుల్లయ్యని పిలు నాన్నా. ఇక్కడ మోటార్లు కదలట్లేదు."

"ఇక్కడ నువ్వూ కదలట్లేదు," అని పెట్టేశాడు.

పదకొండయింది. నా బుర్ర వేడెక్కింది. కిందకి వంగి వైర్లు చూస్తుంటే, రంపంపొట్టులో గుండ్రటి గుంటలు కనిపించాయి. గుమ్మం నుంచి మిషన్ దాకా వచ్చి, తిరిగి వెళ్ళాయి. చేతికర్ర గుర్తులు.

నా నోటికి స్విచ్ లేదని దుర్గ ముందే చెప్పింది కదా.

"మీ నాన్నగారు పొద్దున ఇక్కడికొచ్చారు. ఆయనకి ఈ మిషన్ ఇష్టం లేదు. ఆయనే ఏదో పీకి ఉంటారు."

దుర్గ ముఖంలో రంగు పోయింది. కోపమైతే నాకు అలవాటే. ఇది కోపం కాదు.

"పక్కవాడి ఉలి కాలికి తగిలినా కళ్ళకద్దుకునే మనిషి మా నాన్న. పనిముట్టు పాడుచేస్తాడా? నెల రోజులు నాతో కూచుని పనిచేసి మీరు తెలుసుకున్నది ఇదా?" బల్ల మీది పలకవైపు చెయ్యి చూపించింది. "పలక లేకపోతే పోయింది. హైదరాబాదు వెళ్ళిపోతాం. మీ మిషన్ విప్పి తీసుకెళ్ళండి."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. అన్న మాట వెనక్కి తీసుకునే దారి లేదు. పలక ఊడదీసి పక్కన పెట్టాను. మోటారు మరలు విప్పడానికి స్క్రూడ్రైవర్ తీశాను. నా మీద ఎంత కోపమున్నా వస్తువు కింద పడకూడదని దుర్గ అటుపక్క పట్టుకుంది. పట్టుకున్న వేళ్ళు ఆగాయి.

"ఇది తిరుగుతోంది."

"ఏంటండీ?"

"నిన్న నేను తిప్పితే తిరగలేదు. కరెంటు ఉంటే పట్టు వదలదన్నారుగా? ఇప్పుడు కరెంటు ఉంది. చూడండి, వదులుగా ఉంది."

స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి జారింది. మీటర్ పట్టుకుని మూడు గంటలు నేను చూడనిది తను రెండు వేళ్ళతో చూసింది. మోటార్లకి కరెంటు అందుతోంది, కాని పట్టుకోమన్న ఆజ్ఞ అందట్లేదు. ఆ ఆజ్ఞ వెళ్ళేది ఒకే ఒక్క వైరులో. ఆ వైరు వెళ్ళేది మిషన్ ముందువైపున్న ఎర్ర బటన్ గుండా.

ప్రమాదం వస్తే అన్నీ ఆపడానికి పెట్టింది అది. ఒకసారి నొక్కితే లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది, తిప్పితేనే పైకొస్తుంది. ఆ సంగతి కంప్యూటర్‌కి తెలిసేలా ఇంకో వైరు వెయ్యాలి. బద్ధకించి వెయ్యలేదు. నేను నొక్కలేదు, దుర్గ నొక్కలేదు కాబట్టి దానివైపు చూడనే లేదు.

"ఆ ఎర్రది కుడివైపుకి తిప్పండి," అన్నాను.

దుర్గ తిప్పింది. బటన్ టక్‌మని పైకి లేచింది. మూడు మోటార్లూ సన్నగా గుర్రుమన్నాయి. ఇరుసు పట్టుకుని చూశాను. కదల్లేదు.

దుర్గ మాత్రం తన వేళ్ళవైపే చూసుకుంటోంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కుంకుమ," అంది.

ఎర్ర బటన్ మీద ఎర్రటి బొట్టు. ఎవరికి కనిపిస్తుంది? దగ్గరికి వంగితే దాని చుట్టూ సన్నగా పసుపు గీత.

"కొత్త పనిముట్టుకి బొట్టు పెట్టకుండా మొదటి చెక్క పెడతారా ఎవరైనా?" గుమ్మంలోంచి యలమందయ్య గారి గొంతు. ఎప్పుడొచ్చారో ఏమో. "మీ ఇద్దరికీ తోచలేదు. పొద్దున్నే నేనే వచ్చి పెట్టిపోయా."

"బటన్ మీద ఎందుకండీ?" అన్నాను.

"గుండ్రంగా, ముందుకి ఉంది. నుదురు అదేననుకున్నా."

దుర్గ వాళ్ళ నాన్న ముందుకెళ్ళి నిలబడింది. "ఏ చేత్తో పెట్టావు నాన్నా?"

"బొట్టు ఎడంచేత్తో పెడతారా, పిచ్చిదానా?"

అంటే, పడిపోయిన ఆ కుడిచేత్తోనే. రోజూ రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెబితే, ఇన్ని నెలల్లో ఒక్కసారీ దాన్ని ముట్టుకోని మనిషి ఆయన.

"ఉంగరపు వేలు మాట వినలేదు. బొటనవేలితో అదిమి పెట్టా," అన్నారు, తప్పు చేసినట్టు.

"ఆ బటన్ చాలా గట్టిదండీ. నేను నొక్కాలన్నా బలం పెట్టాలి," అన్నాను.

ఆయన తన కుడి బొటనవేలిని కొత్తగా చూసుకున్నారు. దుర్గ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళు నిండాయి, మిరప ఘాటు అని చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

"నేను మిమ్మల్ని అనుమానించానండీ. తప్పయింది."

"వినబడింది. పడిపోయింది చెయ్యి, చెవులు కాదు." కర్ర గోడకానించి, మిషన్ పక్కన స్టూలు మీద కూచున్నారు. "పలక బిగించు. ఎడమ మూల నిదానంగా పోనియ్, అక్కడ చీలుతుంది."

ఆయన చెప్పిన చోట వేగం తగ్గించాను. మొదటి చిలక రెక్క టేకులోంచి లేస్తుంటే ఆయన స్టూలు ముందుకి జరుపుకున్నారు. ముక్కు వంపు తిరిగాక, "దుర్గా, మాబు సాహెబ్‌కి కబురు చెయ్యి. ఉలులు ఇవ్వట్లేదని చెప్పు. ఇంకో పలక చూసి ఉంచమను," అన్నారు.

దుర్గ నావైపు చూసింది. ఆ చూపులో లక్ష్మి కనిపించింది నాకు.

"ఒరేయ్ అంజీ," అన్నారాయన. 'గారు' పోయింది. నా ప్రాణం లేచొచ్చింది. "బొట్టు పెట్టి, ఈ బల్ల మీద నందివర్ధనం కూడా పెట్టాను. ఏదిరా అది?"

లేచొచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. రేకులు నలిగి, అంచులు కమిలిన పువ్వు బయటికొచ్చింది.

"ఇది పొద్దున మిషన్ మీద ఉందా?" అంది దుర్గ, కళ్ళు పెద్దవి చేసి. "నాకు ఒక్కసారి చూపించి ఉంటే పూజ జరిగిందని అప్పుడే తెలిసేది. ఇంత గొడవ ఉండేదా? ఎందుకు దాచారు?"

అబద్ధం ఒకటి వెతికాను. దొరకలేదు.

"మీ జడలోంచి పడిందనుకున్నాను."

చిలక రెండో రెక్క మొదలైంది. దుర్గ గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పడితే ఇచ్చెయ్యాలిగా?" అన్నారు యలమందయ్య గారు.

"ఇవ్వబుద్ధి కాలేదండీ. తను ఈ ఊళ్ళోనే ఉండాలని ఉంది నాకు. మా ఇంట్లో ఉంటే ఇంకా బాగుంటుందనిపిస్తోంది."

ఆయన స్టూలు మీదే అటు తిరిగారు. "నువ్వేమంటావే?" అని కూతుర్ని అడిగారు. దుర్గ స్క్రీన్ వైపే చూస్తూ నవ్వు ఆపుకుంది.

"దేవుడి పువ్వు జేబుల్లో తిప్పకూడదురా. అక్కడ పెట్టు," అన్నారు నాతో. పెట్టాను. "దుర్గా, నీ జడలోది ఒకటి తీసివ్వు వీడికి."

"ఇవాళ పూలు పెట్టుకోలేదు నాన్నా."

"అయితే రేపు పెట్టుకో. ఒరేయ్, రేపు కనిగిరికి మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా. ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం మంచిది, పెద్దవాళ్ళం నాలుగు మాటలనుకుంటాం."

దుర్గ తల తిప్పకుండానే, "చొక్కా మాత్రం మార్చుకు రమ్మను నాన్నా," అంది. అని, తుమ్మింది.