సైలెన్సర్ లేని ఆదివారం

"కృష్ణా! మీ వాడికి చెప్పు, పొద్దున్నే ఆ గ్రైండర్ మొదలెడితే నేను పూజ చేసుకోవాలా, చెవులు మూసుకోవాలా అని!"

"అమ్మా! నాన్నకి చెప్పు, ఇంకొక్క ముక్క కోస్తే అయిపోద్దని!"

రెండు కేకలూ ఒకేసారి వంటింట్లోకి వచ్చిపడ్డాయి. కృష్ణవేణి పెనం మీద పెసరట్టు తిరగేసి, ముందుగది వైపు తల పెట్టి, "అయిపోవచ్చిందంటండీ" అంది. తర్వాత పెరటి గుమ్మం దగ్గరికెళ్ళి, "కాస్త మెల్లగా చేసుకోమన్నార్రా" అంది.

ముందుగదిలో మొగుడు శ్రీమన్నారాయణ. వెనక పెరట్లో, రేకుల షెడ్డు కింద కొడుకు పృథ్వీ. మధ్యలో వంటిల్లు. దసరా నుంచీ ఆ ఇంట్లో తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోవడం లేదు. ఏ మాటైనా కృష్ణవేణి మీదుగా పోవాల్సిందే. ఆమె చేతిలో పడిన మాట ముళ్ళన్నీ రాలిపోయి, మెత్తగా అవతలికి చేరుతుంది. ఆ విద్య తనకి బాగా వచ్చని ఆమెకి లోపల్లోపల కాస్త గర్వం కూడాను.

నరసరావుపేట బజార్లో శ్రీమన్నారాయణది స్టీలు సామాన్ల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. గృహప్రవేశానికి బిందె కొన్నా, పెళ్ళికి డిన్నర్ సెట్టు కొన్నా, ఆయన బిల్లు కంటే ముందు పేర్లు కొట్టే మిషన్ చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని అడిగే మాట ఒకటుంది: "ఏం పేరు కొట్టమంటారు?" ఆ అడగడంలోనే ఒక దర్జా ఉంటుంది. ఊళ్ళో సగం ఇళ్ళల్లో గిన్నెల మీద ఉన్నవి ఆయన అక్షరాలే.

పృథ్వీ హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి, కార్లకి కావలసిన విడిభాగాలు సొంతంగా చేసే షెడ్డు పెట్టుకుంటానన్నాడు. కొట్లో కూర్చోమన్నాడు తండ్రి. "గిన్నెలు అమ్ముకుంటా కూర్చోలేను" అని నోరు జారాడు కొడుకు. "అయితే గిన్నెలమ్ముకునేవాడితో నీకు మాటలెందుకు?" అన్నాడు తండ్రి. అంతే. అక్కడ ఆగిపోయింది.

షెడ్డు కింద ఉన్నది ఇంటి పాత జెన్ కారు. పృథ్వీ దానికి హెడర్ కడుతున్నాడు.

"ఏందిరా అది, సైలెన్సరా?" పెసరట్టు ప్లేటు పట్టుకొచ్చిన కృష్ణవేణి అడిగింది.

"సైలెన్సర్ కాదమ్మా, హెడర్. ఇంజిన్‌లోంచి పొగ బయటికొచ్చే మొదటి దారి. కంపెనీ వాళ్ళు ఇనుముతో పోతపోసిన దిమ్మ ఒకటి బిగిస్తారు. నాలుగు సిలిండర్ల పొగా అందులో పడి ఒకదాన్నొకటి తోసుకుంటయ్. నేను నాలుగింటికీ నాలుగు స్టీలు గొట్టాలు పెడుతున్నా. వంపులు వేరేవైనా పొడవు మాత్రం ఒకటే. చివర్లో నాలుగూ ఒక గొట్టంలో కలుస్తయ్. అప్పుడు దేని వంతు అది పోద్ది. ఇంజిన్‌కి ఊపిరాడుద్ది."

మాట్లాడుతూనే ఒక గొట్టానికి అడుగున అట్టముక్క అంటించి, నిండా బియ్యం పోసి, ఆ బియ్యాన్ని స్టీలు గ్లాసులోకి ఒంపాడు. తర్వాత రెండో గొట్టం. బియ్యం గ్లాసులో అదే గీత దాకా వచ్చాయి.

"నా బియ్యం డబ్బా ఖాళీ అవుతున్నది ఇందుకా?"

"మళ్ళీ డబ్బాలోనే పోస్తాలే! ఎన్ని వంపులున్నా లోపల పట్టేది సమానంగా ఉంటే పొడవు కుదిరినట్టే."

"మరి సైలెన్సర్ ఏం చేస్తదన్నయ్యా?" గుమ్మంలో జడ వేసుకుంటున్న చెల్లెలు భవిత అడిగింది.

"అది చివర్న ఉంటది. లోపల ఎంత గోలున్నా మింగేసి బయటికి చిన్న చప్పుడు పంపుద్ది."

"అంటే మనమ్మే!"

అన్నాచెల్లెళ్ళిద్దరూ నవ్వారు. కృష్ణవేణి కూడా నవ్వింది, అది పొగడ్తే అనుకుని.

ప్లేటు తీసుకుంటూ పృథ్వీ గొంతు తగ్గించాడు. "అమ్మా, నాన్నని ఒక్కసారి వచ్చి చూడమను. చిన్నప్పుడు స్టీలు మీద వేలితో కొట్టి, చప్పుడు విని మందం చెప్పేవాడు గదా. ఆయన చెయ్యి తగలకుండా ఇది స్టార్ట్ చెయ్యబుద్ధి కావట్లా."

ముందుగదిలోకి వెళ్ళేసరికి ఆ మాట కృష్ణవేణి నోట్లో బరువెక్కింది. రమ్మంటే ఆయన వెళ్తాడు. వెళ్తే ఏదో ఒకటి అంటాడు. వీడు ఇంకోటంటాడు. ఎందుకొచ్చిన గొడవ?

"వాడు బానే చేసుకుంటున్నాడంటండీ. మీరేం దిగులు పడొద్దన్నాడు."

శ్రీమన్నారాయణ మొహం చిన్నబోయింది. "ఓహో. మన అవసరం లేదన్నమాట."

ఆయన కాసేపు చేతిలో పేపరు మడిచాడు, విప్పాడు. "ఆ వెల్డింగు వెలుగు ముందు వాడు కూర్చుంటంటే నాకు ముద్ద దిగట్లేదే. రేపు కళ్ళు పోతే ఎవడు దిక్కు? చిలకలూరిపేట రాజారత్నానికి ఫోన్ చేస్తా. ఆదివారం వచ్చి కారు తోలుకుపోతాడు. కారు లేకపోతే ఈ వెల్డింగూ ఉండదు. చెప్పు వాడికి."

పెరట్లోకి వెళ్ళేలోపు కృష్ణవేణి ఆ మాటకున్న ముళ్ళన్నీ ఏరింది.

"రాజారత్నం గారని నాన్న స్నేహితుడు, పాత కార్ల వ్యాపారం. ఆదివారం కారు చూడ్డానికి వస్తారంట."

పృథ్వీ చేతిలో పెసరట్టు ఆగిపోయింది. "నాన్న పిలిచాడా? నా పని చూడ్డానికి? నిజంగానా అమ్మా?"

ఆమె అవుననలేదు, కాదనలేదు. ఆదివారానికి ఇంకా టైముందిగా, ఈలోపు ఆయన మనసు మారకపోదా అనుకుంది. కానీ ఆయన మారలేదు. వాడేమో అన్నం దగ్గర కూడా హెడర్ గురించే కబుర్లు. మొదటి కస్టమర్‌ని నాన్నే తీసుకొస్తున్నాడని భవితకి పదిసార్లు చెప్పాడు. ఆ సంబరం చూస్తూ నిజం చెప్పలేక, కృష్ణవేణి వాడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆదివారం పొద్దున పృథ్వీ తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. షెడ్డు ఊడ్చి, బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద హెడర్ పెట్టాడు. నాలుగు గొట్టాలూ నాలుగు దారుల్లో వంగి వచ్చి ఒకచోట కలిశాయి. వెల్డింగు అతుకులు సన్నగా, నీలం రంగులో మెరుస్తున్నాయి.

రాజారత్నం వస్తూనే పెరట్లోకి నడిచాడు, వెంట ఒక డ్రైవర్. వెనకే శ్రీమన్నారాయణ. కృష్ణవేణి, భవిత గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"రండి బాబాయ్! ముందిది చూడండి." పృథ్వీ హెడర్ రెండు చేతులతో ఎత్తాడు. "మీ కార్లకి ఏదైనా ఇట్టాగే కట్టిస్తా."

రాజారత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పనితనం చానా బాగుంది అబ్బాయ్. కానీ నాకెందుకిది? పాత దిమ్మే బిగించెయ్, కారు తోలుకుపోతాం. నాన్న చెప్పలా?"

"తోలుకుపోవడమేంది?"

రాజారత్నం వెనక్కి తిరిగి శ్రీమన్నారాయణ వైపు చూశాడు. ఆయన కృష్ణవేణి వైపు చూశాడు. "వాడికి చెప్పలేదా నువ్వు?"

పృథ్వీ మొహంలో నెత్తురు లేదు. రాజారత్నం చేతిలోని హెడర్ తీసి బల్ల మీద పెట్టేసి తల్లి వైపే తిరిగాడు. "అమ్మా, నాన్నకి చెప్పు. ఇంత కక్ష ఉంటే నన్నే పొమ్మనమను. చెప్పు!"

"ఆ మాట ఎవడన్నాడో వాడినే అడగమను!" శ్రీమన్నారాయణ గొంతు లేచింది. "నా అవసరం లేదన్నది ఎవడంట? చెప్పు, అడుగు వాడిని!"

రెండడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబడి, ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. చెప్పు, చెప్పు. మొన్నటి నవ్వు కృష్ణవేణికి ఇప్పుడు చెంపదెబ్బలా తగిలింది. లోపల గోలంతా మింగేసేది తనే. గోలతో పాటు ప్రేమ కూడా మింగేసింది.

"నేను చెప్పను" అంది.

గుమ్మం దిగి ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"ఇంక నా వల్ల కాదు. ఇన్నాళ్ళూ తప్పు చెప్పా. ఏమండీ, వీడు మీ అవసరం లేదనలేదు. 'నాన్నని వచ్చి చూడమనమ్మా, ఆయన చెయ్యి తగలకుండా స్టార్ట్ చెయ్యబుద్ధి కావట్లా' అన్నాడు. మీరిద్దరూ పోట్లాడుకుంటారని నేనే మింగేశా. ఒరేయ్, ఈయన కారు అమ్ముతానంది కక్షతో కాదు. 'ఆ వెలుగు ముందు వాడు కూర్చుంటంటే నాకు ముద్ద దిగట్లే, కళ్ళు పోతే ఎవడు దిక్కు' అన్నారు. అదీ మింగేశా. ఇదిగో, ఎవరి మాట వాళ్ళకి ఇచ్చేశా. ఇంక మీ ఇష్టం."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. భవిత వెనకే వచ్చి తల్లి భుజం పట్టుకుని, కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ నిలబడింది.

రాజారత్నం గొంతు సవరించుకున్నాడు. "నేను మళ్ళీ ఫోన్ చేస్తాలే అన్నయ్యా" అని డ్రైవర్ని తీసుకుని పక్కసందులోంచి జారుకున్నాడు.

పృథ్వీ షెడ్డు మూల నుంచి నల్లటి అద్దమున్న వెల్డింగు మాస్కు తెచ్చి, తండ్రి చేతిలో పెట్టాడు. శ్రీమన్నారాయణ అది మొహానికి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూశాడు. ఎండ చురుకు కంటిని తాకనే లేదు కాబోలు, అలాగే నిలబడిపోయాడు. మాస్కు దించేటప్పుడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత హెడర్ దగ్గరికెళ్ళాడు. గొట్టాన్ని వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

ఆయన విసవిసా కొట్లోకి వెళ్ళిపోయాడు.

"అయిపోయిందే" అంది భవిత.

కానీ ఆయన తిరిగొచ్చాడు. చేతిలో పేర్లు కొట్టే మిషన్, వెనక వైరు ఈడ్చుకుంటూ. షెడ్డులో ప్లగ్గు పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, అలవాటుగా వంటింటి వైపు తిరిగాడు.

"కృష్ణా, వాడిని అడుగు..."

కిటికీ దగ్గర కృష్ణవేణి పెదవి కదపలేదు.

శ్రీమన్నారాయణ మెల్లగా కొడుకు వైపు తిరిగాడు. గొంతులో ఆ పాత దర్జా తెచ్చుకోబోయాడు గానీ, కుదర్లేదు.

"ఏం పేరు కొట్టమంటావురా?"

పృథ్వీ హెడర్‌ని తండ్రి వైపు తిప్పాడు. "ఇచ్చినోళ్ళ పేరే గదా నాన్నా కొట్టేది. నీ పేరే కొట్టు."

"కట్టింది నువ్వయితే నా పేరేందిరా?"

"చెయ్యి పట్టి స్టీలంటే ఏందో నేర్పింది నువ్వేగా!"

"అయితే ఇద్దరివీ కొడతా."

మిషన్ జుయ్‌మని మొదలైంది. కృష్ణవేణి కిటికీ వదిలేసి పొయ్యి దగ్గరికి వచ్చింది. కళ్ళు మసకబారి పెనం సరిగ్గా కనపడటం లేదు. అయినా పిండి పోసి గుండ్రంగా తిప్పింది.

"అంత పెద్దగా రాస్తే నా పేరుకి చోటెక్కడిది?"

"నా పేరు పొడుగైతే నేనేం చెయ్యనురా? నువ్వు ఇంకాస్త పొడుగు గొట్టం పెట్టాల్సింది!"

"పొడుగు పెంచితే నాలుగూ సమానం కావు నాన్నా!"

"కృష్ణా! వీడికి చెప్పవే!"

"అమ్మా! నాన్నకి చెప్పు!"

ఇద్దరూ ఒకేసారి అరిచి, ఒకేసారి ఆగారు. తర్వాత పెరట్లోంచి నవ్వు వినిపించింది. ముందు ఒక్కరిదే, ఆ తర్వాత రెండూ కలిసి.

కృష్ణవేణి పలకలేదు. పెసరట్టు తిరగేసింది.