రేవులో ఆరెంజ్ లైటు

కాగితం పట్టీ మీద చుక్కలు పడగానే యంత్రం సన్నగా గురక పెట్టింది. డాక్టర్ సౌగంధి ముందుకు వంగి చూసింది. ఆకుపచ్చ లైటు రావలసిన చోట ఆరెంజ్ లైటు వెలిగింది.

సింగరేవులో తను తయారుచేసిన ఈ యంత్రం పెట్టాక అలా వెలగడం అదే మొదటిసారి. ఆ రేవులో పడవలకు డీజిలు పోయి బ్యాటరీలొచ్చాయి. వలలే చేపల జాడ చెబుతున్నాయి. చేపల తట్టలు మాత్రం ఇంకా ఆడవాళ్ల నెత్తిమీదే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న నూకరత్నం ఆరో నెల కడుపుతో, తట్ట దించి నేరుగా ఇక్కడికే వచ్చింది. వెంట అత్త పైడమ్మ.

"ఏటమ్మా అది?" అంది పైడమ్మ.

"గుర్రపువాతం వచ్చే సూచనండీ. బీపీ పెరిగి ఫిట్స్ దాకా పోయే జబ్బు. తల్లికీ బిడ్డకీ ముప్పే."

"బీపీ లేదని పొద్దున్నే నర్సమ్మ సెప్పింది. కాళ్ల వాపూ లేదు. పిల్ల గుండ్రాయిలాగుంది."

"ఇప్పుడు లేదు. ముందుముందు వస్తుంది. ఒంట్లో ప్రోటీన్లు ఇస్త్రీ చీరల్లా మడత మీద ఉంటాయి. ఈ జబ్బు మొదలయ్యేటప్పుడు కొన్ని మడత తప్పి, ఉండలు చుట్టుకుని మూత్రంలోకి వచ్చేస్తాయి. పట్టీ మీది రంగు వాటినే పట్టుకుంటుంది."

నూకరత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పైడమ్మ నవ్వలేదు.

"ఉచ్చ సూసి జాతకం సెప్తున్నావా తల్లీ?"

సౌగంధికి లోపల గుబులుగానే ఉంది. యంత్రం మాట తప్పైతే ఈ రేవులో ఇంకెవరూ గడప తొక్కరు. నిజమై, వీళ్లు వినకపోతే అంతకన్నా ఘోరం. అందుకే మెత్తగా, పట్టుగా చెప్పింది. తట్ట మోయకూడదు, వారం వారం బీపీ చూపించుకోవాలి, నెలలు నిండకముందే టౌను ఆసుపత్రిలో చేరాలి.

పైడమ్మ కోడలి కడుపు వంకా లైటు వంకా చూసింది. మర్నాటి నుంచి ఆ తట్ట తనే ఎత్తుకుంది. "అబద్ధమైతే నీ మిషన్ని సముద్రంలో కలిపేస్తాను" అని చెప్పి మరీ ఎత్తుకుంది.

ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది. అది పెరిగిన రోజే మాత్రలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. ఫిట్స్ రాలేదు. కాస్త ముందుగానే ఆడపిల్ల పుట్టింది, చిన్నదే గానీ గొంతు రేవంతా వినబడేలా ఉంది. నూకరత్నం నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

"ఏమీ అవలేదు. మిషను అబద్ధం సెప్పింది" అని పైడమ్మ చేపల బేరాల మధ్య అందరికీ చాటింది.

"ముందే మందిచ్చారు కాబట్టి అవలేదండీ" అంది సౌగంధి.

"అదేనమ్మా నేననేది. అవలేదుగా."

సౌగంధి ఆ పూట అన్నం సరిగా తినలేదు. ముప్పు తప్పించిన యంత్రానికి, ముప్పు ఉండేదని సాక్ష్యం ఎవరిస్తారు?

మరుసటి వారం ఖాళీ వరండా ఊహించుకుంటూ తలుపు తీసింది. బయట క్యూ ఉంది. ముందర పైడమ్మ, వెనక ముగ్గురు గర్భిణులు.

"మిషను అబద్ధమన్నారుగా?"

"అబద్ధమే. కానీ ఈ రేవులో కడుపుతో ఉన్నదాని తట్ట దింపించినోళ్లు ఎవరున్నారు సెప్పు? మొగుడి సేత కాలేదు, అత్త సేత కాలేదు. నేనూ అత్తనేగా. దీని మాట విన్నాం. వీళ్లకీ ఓసారి ఎలిగించు."

ముగ్గురికీ ఆకుపచ్చ లైటే వచ్చింది. "చాలా మంచిది, ఏ భయమూ లేదు" అంది సౌగంధి సంబరంగా. మూడు మొహాలూ వాడిపోయాయి. ఒకావిడ "చుక్క సరిగ్గా పడలేదేమో, ఇంకోసారి చూడండి డాక్టరమ్మా" అని బతిమాలింది. తప్పుడు హెచ్చరిక రాకూడదని సౌగంధి ఏళ్లపాటు కష్టపడింది, వీళ్లేమో హెచ్చరికే కావాలంటున్నారు. కడుపుతో ఉన్నవాళ్లెవరూ తట్ట ఎత్తకూడదని, లైటుతో పని లేకుండా, తనే గట్టిగా చెప్పి పంపింది.

అందరూ వెళ్లాక చూస్తే పైడమ్మ ఇంకా అక్కడే ఉంది, చేపల తట్ట పక్కన దించి, చేతిలో ఖాళీ కప్పుతో.

"మీకు అరవై దాటాయి కదండీ" అంది సౌగంధి.

"లైటుకి వయసు తెలుస్తదేటి?" అని పైడమ్మ బాత్రూములోకి నడిచింది.