ముప్ఫయ్యొక్క మార్కుల అమ్మ

"తలుపు తియ్యవే తల్లీ... ఒక్కసారి నీ మొహం చూసి వెళ్తానే!"

వాకిట్లో కారు వచ్చి పావుగంటైంది. పెట్టెలు ఎక్కించేశారు. పదిహేనేళ్ళ కూతురు మాత్రం గదిలో గడియ వేసుకుని కూర్చుంది! లోపలినుంచి ఒక్కటే మాట... "వెళ్ళు! ఆ చదువే నీ కూతురనుకో! నాకు అమ్మ లేదనుకుంటాను!"

ఆ మాటకి తల్లి గుండె చెరువైపోయింది. ఇరవై ఏళ్ళుగా కాన్పుల వార్డులో నర్సు ఆమె. ఎందరి బిడ్డలనో తన చేతుల మీదుగా లోకంలోకి తెచ్చి, "ఏడుపు వినబడింది, ఇంక భయం లేదమ్మా" అని తల్లులకు ధైర్యం చెప్పిన మనిషి! పై చదువు చదవాలన్న కోరిక పెళ్ళికి ముందునుంచీ మనసులో దాచుకుంది. నలభై రెండో ఏట, పరాయి దేశపు యూనివర్సిటీలో రెండేళ్ళ కోర్సుకి సీటొచ్చింది. లారీ మెకానిక్ భర్త, "నువ్వు వెళ్ళు, ఇల్లు నేను చూసుకుంటాను" అన్నాడు. అసలు పట్టుబట్టి అప్లికేషన్ పెట్టించింది అత్తగారే!

"కారెక్కమ్మా. ఎన్నాళ్ళుంటుంది దాని అలక? పదిహేను రోజులు! నేను లేనూ?" అంది అత్తగారు, కోడలి కళ్ళు తన కొంగుతో తుడుస్తూ.

కానీ ఆ పదిహేను రోజులు మూడు నెలలయ్యాయి...

అక్కడ అంతా పొగమంచు. పొద్దున్నే హాస్టల్ కిటికీ తెరిస్తే ఎదుటి భవనం ఉండేది కాదు, దాని దీపాలు మాత్రం గాలిలో తేలుతుండేవి. ఎవరి కలలోకో దారి తప్పి వచ్చినట్టు నడిచేది ఆమె. వీపున సంచి, మెళ్ళో గుర్తింపు కార్డు! బట్టలుతికే యంత్రం దగ్గర, లైబ్రరీ మెట్ల మీద, అన్నిచోట్లా కూతురి ఈడు పిల్లలే. లెక్చర్ హాల్లో ముందు వరసలో కూర్చుని రాసుకుంటూ రాసుకుంటూ మగతలోకి జారితే, ఆ పొడవాటి హాలు తన వార్డైపోయేది... చివరి మంచం పక్కన కూతురు అటు తిరిగి నిలబడి ఉండేది... ఎంత పిలిచినా ఇటు తిరిగేది కాదు...

గదిలో తోడుండే పిల్ల, అదృష్టం కొద్దీ మన భాష మాట్లాడేదే. మొదటి వారం "ఆంటీ" అంది, రెండో వారానికి "అక్కా" అంది. "నవ్వక్కా, ఇంటికి ఫోటో పంపుదాం!" అని మంచులోనూ, మెట్ల మీదా నిలబెట్టి ఫోటోలు తీసేది.

ప్రతి ఆదివారం ఇంటికి ఫోను. ప్రతి ఆదివారం అత్తగారిది ఒకటే జవాబు. "స్నానం చేస్తోందమ్మా."

"ఇన్ని స్నానాలు చేసే పిల్ల లోకంలో ఉంటుందా అత్తయ్యా!" అని నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మొదటి పరీక్షల ఫలితాలు వచ్చాయి. అన్నీ గట్టెక్కాయి, స్టాటిస్టిక్స్ తప్ప. నూటికి ముప్ఫయ్యొకటి! ఆ కాగితం చూసి ఆమె మంచం మీద కూలబడిపోయింది. కన్నకూతుర్ని ఏడిపించి వచ్చింది దీనికా! ఆ ఆదివారం ఫోనులో భోరుమంది.

"వచ్చేస్తాను అత్తయ్యా... లెక్కల పరీక్ష తప్పాను. ఈ వయసులో నాకెందుకండీ ఇదంతా... నా బిడ్డ నాకు కావాలి..."

అవతల ఫోను కోసం ఏదో పెనుగులాట. తర్వాత, మూడు నెలలుగా వినని గొంతు!

"ఎన్నొచ్చాయి?"

తల్లి ఫోను రెండు చేతులా పట్టుకుంది. "ము... ముప్ఫయ్యొకటే."

"ఫెయిలయ్యావా? నువ్వా?" అంతలోనే వెక్కిళ్ళు. "మరి ఫోటోల్లో నవ్వుతున్నావుగా అమ్మా! ప్రతిదాంట్లో నవ్వే! నేను లేకపోయినా నీకు హాయిగానే ఉందనుకున్నాను..."

"పిచ్చితల్లీ! ఏడుపుమొహం చూస్తే నువ్వు బెంగపడతావని నవ్వానే... నీకోసమే నవ్వానే!"

ఇద్దరూ ఏడ్చారు. మధ్యలో అత్తగారూ ఏడ్చింది, "ఫోను తడిసిపోతుందే" అంటూ!

చివరికి కూతురే ముక్కు ఎగబీల్చి అంది. "వచ్చేయడం గిచ్చేయడం ఏమీ లేదు. మళ్ళీ పరీక్ష పెడతారా? ఆ పుస్తకం ఫోటో తీసి పంపు. మాకు సగటూ, సంభావ్యతా ఉన్నాయి. తెలియనివి మా సార్ని అడిగి చెప్తాను."

అలా మొదలైంది పాఠం, సెలవు రోజుల్లో, వీడియో కాల్‌లో! తల్లికి పొగమంచు ఉదయం, కూతురికి ఎండ మధ్యాహ్నం. ఎంత కచ్చితమైన టీచరో! "అమ్మా, పరధ్యానం! ఎక్కడ చూస్తున్నావు?" అని గదమాయించేది. "నిన్నేనమ్మా" అంటే, "నన్ను కాదు, లెక్క చూడు!" అనేది. తల్లికి ఆ తిట్లే తీపిగా ఉండేవి. కళ్ళు మూసుకుంటే కూతురు పక్కనే, భుజానికి భుజం ఆనించి కూర్చున్నట్టుండేది...

ఆరు వారాల తర్వాత రెండోసారి పరీక్ష. డెబ్భై నాలుగు!

ఆ మాట చెప్పగానే ఫోనులో ఇల్లంతా గోల! అత్తగారు పక్కింటివాళ్ళకి కేకేసి చెప్పింది. భర్త గొంతు సవరించుకుని, "మంచిదే" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాట కూడా వణికింది.

ఆ తర్వాతి ఆదివారం పాఠంతో పనిలేదు. అయినా కూతురే ఫోను చేసింది. "ఊరికే... కబుర్లు చెప్పమ్మా" అంది. తల్లి తన హాస్టల్ సంగతులు చెప్తూ పోయింది. "ఊఁ..." "ఊఁ..." అంటూ అంటూ అవతల గొంతు సన్నబడింది. ఇంక మెత్తని ఊపిరి మాత్రమే.

"నిద్రపోయిందమ్మా, పెట్టేయనా?" గుసగుసగా అడిగింది అత్తగారు.

"వద్దత్తయ్యా... కాసేపు దాని పక్కనే ఉండనివ్వండి."

కిటికీ బయట మంచు నెమ్మదిగా కదులుతోంది. ఆమె ఫోను చెంపకి ఆనించుకుని, ఆ ఊపిరి వింటూ, తనూ కళ్ళు మూసుకుంది.