మొగ దగ్గర విడుపు

తెల్లవారేసరికి మబ్బు రెండు పొరలుగా ఉంది. కింది పొర సముద్రం మీద కదలకుండా పడి ఉంది. పై పొర వాయవ్యం నుంచి, ఏరు వచ్చే వైపు నుంచి, తొందరగా నడిచి వస్తోంది. రెండింటి సందులో పొద్దు ఒక్కసారి కనబడి మళ్ళీ మూసుకుపోయింది. చేపలెండబెట్టే చోటికి కాకులు రాలేదు.

తీరం మీద అప్పటికే ఏడెనిమిది కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చున్నాయి. సెలవుల కాలం. పెద్దవాళ్ళు బొటనవేలు ఉంగరం మీద ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నారు. పిల్లలు ఆడుతున్నారు. ప్రతి చాపకీ కొంత దూరంలో ఇసుకలో ఒక వంపు గీత పడి ఉంది. ఎనభై అడుగుల పిల్లకు ఎనభై దగ్గర, నూట ఇరవై అడుగుల పిల్లవాడికి నూట ఇరవై దగ్గర. పిల్లలు అక్కడిదాకా పరిగెత్తుతారు. మణికట్టు మీద కడియం సన్నగా బిగుస్తుంది. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరుగుతాయి. అలా తిరిగిన పాదాలు తొక్కీ తొక్కీ పడిన గీతలవి. అంతమంది ఉన్నా ఎవరూ ఎవరినీ కేక వేయటం లేదు. అలల చప్పుడొక్కటే వినిపిస్తోంది.

ఎడకడియాలు వచ్చి ముప్పై ఏళ్ళయింది. బిడ్డకు ఏడాదిన్నర నిండగానే తొడుగుతారు. నాడి, చెమట, నడకలో తడబాటు అన్నీ చూసి కడియం రోజూ ఒక అంకె చూపుతుంది. దాన్ని నిబ్బరాంకం అంటారు. అంకె పెరిగినకొద్దీ బిడ్డ తల్లిదండ్రులకు ఎంత ఎడంగా వెళ్ళవచ్చో ఆ అడుగులు పెరుగుతాయి. తొంభై చేరితే కడియం ఊడుతుంది. అయితే ఇంటి దగ్గర ఊడదు. తెలిసిన వీధిలో ధైర్యం లెక్కలోకి రాదని చట్టం. కొత్త చోట మూడు రాత్రులు గడిపాక అంకె తొంభై ఉండాలి. అందుకని సెలవు ప్రయాణాలన్నీ విడుపు యాత్రలైపోయాయి.

తల్లిదండ్రులిద్దరి వేళ్ళకీ పిలుపుటుంగరాలుంటాయి. నొక్కితే బిడ్డ మణికట్టు మీద తట్టినట్టవుతుంది. బిడ్డ తట్టితే వీళ్ళ వేలు అదురుతుంది. బిడ్డ ఎటు ఉంటే అటు ఉంగరం వేలిని కొద్దిగా లాగుతుంది. పెద్దలకు మాత్రం ఏ అంకే లేదు. అవసరమని ఎవరికీ తోచలేదు.

హవిష్, ప్రణీత తెనాలి నుంచి వచ్చి అది నాలుగో రోజు. వాళ్ళ కూతురు ఆమనికి పదకొండేళ్ళు. ముందటేడు హంసలదీవిలో అంకె డెబ్బై ఆరు, కిందటేడు లంబసింగిలో ఎనభై నాలుగు. ఇక్కడ, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర, నిన్న సాయంత్రానికి ఎనభై తొమ్మిది.

హవిష్ కాలువ లాకుల దగ్గర నీటి మట్టం రాసే ఉద్యోగి. లేవగానే ఏటి ఒడ్డుకు వెళ్ళి అక్కడ పాతిన కొలతరాయి చూసి వచ్చాడు. తర్వాత కూతురి మణికట్టు తిప్పి చూశాడు. ఇంకా ఎనభై తొమ్మిదే.

విడిది ఇంట్లో వంట చేసే ఎర్రమ్మ ఆ ఊరి మత్స్యకారుల మనిషి. అరవై దాటాయి. ఆమె మెట్టు మీద నిలబడి రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టి, "ఓ నూకా... లో..." అని సాగదీసింది. ఆ పిలుపు సరుగుడు తోట దాటి పోయింది. కాసేపటికి తోట అవతల నుంచి సన్నగా బదులొచ్చింది. ఎర్రమ్మ లోపలికి తిరిగింది.

ఆమని తింటున్న ఇడ్లీ పళ్ళెంలో పెట్టేసింది. "ఎందుకరుస్తున్నారు?"

"అరవలేదమ్మా. నా మనవరాలిని పిలిచినాను."

"తనకి కడియం లేదా?"

"మా పిల్లగుంటలకి ఎవులికీ నేదు. ఉప్పునీట నానితే దాని కింద తోలు ఒలిసిపోతాది. సర్కారోలు రెండేళ్ళు తిరిగి తిరిగి ఒగ్గేసినారు. మాకు నోరుంది కదా అన్నాం."

ఆమని నవ్వింది. "నాక్కూడా నేర్పండి."

"మీ యమ్మని పిలు, సూద్దాం."

"అమ్మా."

"అది పిలుపేటి? పిల్లి తుమ్మినట్టుంది. కడుపులోంచి రావాల. ఆకరిది ఒగ్గకుండా ఈడవాల."

మూడోసారికి పిలుపు బాగానే వచ్చింది. పది అడుగుల అవతల దండెం మీద తువ్వాళ్ళు ఆరేస్తున్న ప్రణీత ఉలిక్కిపడి తన వేలి ఉంగరం చూసుకుంది. దాన్ని ఒకసారి నొక్కింది. ఆ తర్వాతే తల తిప్పి కూతురి వైపు చూసింది.

"సూసినావా," అని ఎర్రమ్మ నవ్వబోయింది. తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

తొమ్మిదయ్యేసరికి కడియం మీద తొంభై పడింది. హవిష్ మూడుసార్లు చూశాడు. బట్టతో తుడిచి నాలుగోసారి చూశాడు.

"బాబూ," అంది ఎర్రమ్మ, "ఇయ్యాల మొగకాడికి ఎల్లకండి. పైన కొండల్లో వాన దంచినట్టుంది. ఏరు దిగితాది, పోటు ఎదురొస్తాది. రెండూ కొట్టుకున్నకాడ ఇసక నిలబడదు."

"పొద్దున్నే మట్టం చూసి వచ్చానమ్మా. నిన్నటికీ ఇవాళ్టికీ నాలుగు వేళ్ళు కూడా పెరగలేదు."

"వచ్చీసినాదని నానన్నానా? వత్తాదంతన్నాను."

"ఏరు చూడటం నా ఉద్యోగమే," అన్నాడు హవిష్, మర్యాదగానే.

ప్రణీత అతని పక్కకు వచ్చింది. "రేపు చేద్దామండీ."

"రేపటికి ఎనభై తొమ్మిదైతే? మళ్ళీ ఏడాది ఆగాలి. దీని ఈడు పిల్లలందరికీ ఊడిపోయాయి. బడిలో ఇదొక్కతే చేతి మీద చున్నీ కప్పుకుని కూర్చుంటోందట."

"నాకు అంకె మీద అనుమానం లేదు."

"మరి దేని మీద?"

ఆమని తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇసుకదిబ్బ చివరిదాకా వెళ్ళి వస్తాను. నీళ్ళు రంగు మారితే మొగలిపొదల వెనక పైదారి ఉంది, దాన్ని పట్టుకుని వస్తాను. ఎర్రమ్మగారు చూపించారు. మీరు మాత్రం వెనకాల రాకూడదు."

"ఎంతసేపు?"

"పొద్దు నడినెత్తికి వచ్చేలోపు."

ప్రణీత కూతురి ముఖంలోకి కొంతసేపు చూసింది. కడియానికి ఒక పక్క హవిష్ వేలు పెట్టాడు. రెండో పక్క ఆమె వేలు పెట్టింది. చిన్న చప్పుడుతో అది రెండు చెక్కలుగా తెరుచుకుంది. కింద ఎండ ఎరగని చర్మం తెల్లగా, తడిగా ఉంది. ఆమని దాన్ని రెండో చేత్తో కప్పుకుంది.

ఊడిన కడియాన్నీ, ఉంగరాలనూ మూడు రోజుల్లో కార్యాలయంలో అప్పగించాలని నియమం. కానీ జనం కడియాన్ని పుట్టువెంట్రుకల్లాగే పారే నీళ్ళలో వదులుతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అధికారులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఆమనిది కొత్త రకం కడియం. ఊడిన అరగంటకు అది నాడిని వెతకటం మొదలుపెడుతుంది, ఒక రోజంతా వెతుకుతుంది. పిల్లలు పెరికి పారేసి వెళ్ళిపోతే జాడ దొరకాలని అలా చేశారు. హవిష్ ఆ సంగతి చదివాడు. చదివి ప్రణీతకు చెప్పాడు కూడా.

ముగ్గురూ మొగ దగ్గరికి వెళ్ళారు. ఏటి నీరు పచ్చగా, సముద్రం బూడిద రంగులో ఉంది. రెండూ కలిసేచోట నురుగు సన్నటి దారంలా సాగి ఉంది. ఆమని మోకాలి లోతుకు దిగి కడియాన్ని విసిరింది. అది నురుగు దారం మీద పడి మునిగింది.

"ఇక వెళ్ళు," అన్నాడు హవిష్.

ఆమని వెళ్ళింది. నిన్నటిదాకా కడియం బిగిసే దూరం చేరాక ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగలేదు. బాలబంద తీగలు దాటుకుంటూ దిబ్బ ఎక్కి అవతలికి దిగిపోయింది.

భార్యాభర్తలు చాప మీద కూర్చున్నారు. హవిష్ ఉంగరం తిప్పుకున్నాడు. అది అదరటం లేదు, లాగటం లేదు. పదేళ్ళలో అలా ఉండటం అదే మొదలు.

"వేలు తిమ్మిరెక్కినట్టుంది," అన్నాడు.

"నాకూ," అంది ప్రణీత.

ఎర్రపీతలు కన్నాల్లోంచి వచ్చి వాళ్ళ చాప దాకా నడిచాయి. కొంతసేపటికి అన్నీ ఒక్కసారే కన్నాల్లోకి పోయాయి. గాలి ఆగిపోయింది. ఏటి మధ్యలో పచ్చదనం పోయి ఎర్ర చార ఒకటి దిగుతోంది. దాంతోపాటు ఎండు మోడులు, ఒక వెదురుబుట్ట కొట్టుకొస్తున్నాయి. హవిష్ వాటి వైపే చూస్తున్నాడు. లాకుల దగ్గరైతే ఆ చార చూసి రాసుకునేవాడు, పై అధికారికి కబురు పంపేవాడు.

అప్పుడు ఉంగరం అదిరింది.

అంతకుముందు ఎన్నడూ ఎరగని అదురు. మూడు పొడవు, ఒకటి పొట్టి. నాడి అందటం లేదు, దానర్థం. తొడిగిన రోజున నేర్పుతారు. ఎవరికీ అవసరపడకూడదని దండం పెట్టుకుని మరిచిపోతారు. ఉంగరం వేలిని లాగింది. నీళ్ళ వైపు.

హవిష్ లేచాడు. ప్రణీతా లేచింది. ఇద్దరూ ఒకేసారి నడిచారు, అటూ ఇటూ చూడకుండా, చెయ్యి ముందుకు చాపి. కడియాన్ని అక్కడ పడేసింది తామేనని ఇద్దరికీ తెలుసు. తెలిసిన మాట తలలో ఎక్కడో ఉంది. కాళ్ళు మాత్రం పదేళ్ళుగా వేలు లాగిన వైపే నడిచాయి.

నీరు చీలమండలకు తగలగానే ప్రణీత ఆగింది. చల్లగా ఉంది. ఏటి నీరు. ఇందాక ఇక్కడే నిలబడ్డామని గుర్తొచ్చింది.

"ఏవండీ, అది కడియం," అంది. "మనమే వేశాం."

గదిలో మాట్లాడినట్టు అంది. అంతకన్నా పెద్ద గొంతు ఆమెకు లేదు. ఉందేమో, పెళ్ళికి ముందు ఎప్పుడో. ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. చేతిలో ఉన్నది అదొక్కటే కాబట్టి ఉంగరాన్ని నొక్కింది. నొక్కుతూనే ఉంది. ఆ నొక్కుళ్ళు నీటి అడుగున కడియానికి అందాయి. భర్తకు అందలేదు.

హవిష్ నడుము లోతులో ఉన్నాడు.

అప్పుడు దిబ్బ మీద నుంచి పిలుపు వచ్చింది. "నా... న్నా..."

ఆమని మొగలిపొదల వెనక నుంచి పైదారిన వచ్చింది. ఏటి రంగు మారటం ముందే చూసింది. చెప్పినట్టే దారి మార్చుకుంది. పొడి బట్టలతో ఎత్తు మీద నిలబడి, రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టి, కడుపులోంచి తీసి, ఆఖరిది వదలకుండా ఈడ్చి పిలిచింది. తీరం మీదున్న పెద్దలందరూ తమ తమ ఉంగరాలు చూసుకున్నారు.

హవిష్‌కు ఆ పిలుపు వినిపించింది. అతను తల ఎత్తటం ప్రణీత చూసింది. ఎత్తి, చెయ్యి దగ్గరికి తెచ్చుకుని, ఉంగరం వైపు చూశాడు. ఉంగరం ముందుకు లాగింది. అతను ముందుకు ఒక అడుగు వేశాడు. అక్కడ ఇసుక లేదు.

పోలయ్య అనే ముసలి జాలరి తెప్ప దింపాడు. మరో మూడు పడవలు దిగాయి. ఎర్రమ్మ ఒడ్డు వెంట నడుస్తూ, ఏటికి కొంతసేపు, సముద్రానికి కొంతసేపు కూతేస్తూ ఉంది. "ఆ బాబు పేరేటి?" అని ప్రణీతను అడిగి, ఆ పేరుతో కూతేసింది. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. పోటు తీసింది. పడవలు పొద్దు వాలేదాకా తిరిగి ఖాళీగా వచ్చాయి. కడియం మాత్రం దొరికింది, వలలో.

పోలయ్య దాన్ని తెచ్చి ప్రణీత ముందు పెట్టాడు. అది ఇంకా వెతుక్కుంటోంది. ఆమె వేలు ఇంకా అదురుతోంది.

ఆమని తల్లి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఉంగరాన్ని మెల్లగా తిప్పుతూ లాగింది. కణుపు దగ్గర పట్టింది. ఉమ్మి రాసి లాగింది. వచ్చింది. ప్రణీత వద్దనలేదు. చిన్నపిల్లలా చెయ్యి అలాగే ఇచ్చి కూర్చుంది.

దీపం పెట్టే వేళకు ఎర్రమ్మ తన వాకిట్లో చాపలు పరిచింది. గంజి అన్నం, ఎండుచేపల పులుసు. పడవల మీద తిరిగిన ఎనిమిది మందీ వచ్చి కూర్చున్నారు. వాళ్ళ మధ్య తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టింది.

"నాకొద్దు," అంది ప్రణీత.

"తినాల తల్లీ. తెల్లారి మల్లీ ఎతకాల," అంది ఎర్రమ్మ. వడ్డిస్తూ గొంతు తగ్గించింది. "ఒక మాట. ఎవులైనా నీట ఉన్నరోజు మాకాడ మాటాడకుండా తింటాం. కూతెడితే ఇనబడాల కదా."

ఎర్రమ్మ మనవరాలు నూకాలు కూడా వచ్చి ఆమని పక్కన కూర్చుంది. గిన్నె చప్పుడు కాకుండా గరిటె దించారు. తిన్నారు. సముద్రం మీద గాలి సద్దుమణిగినప్పుడల్లా అందరి చేతులూ ఒకేసారి పళ్ళాల మీద ఆగాయి. ప్రణీత చెయ్యి కూడా ఆగింది. ఆమె తల మొగ వైపు తిప్పి, వేలు చూసుకోకుండా, విన్నది. మళ్ళీ గాలి లేచాక అందరూ ముద్ద కలుపుకున్నారు.