ఒంటి రెక్క చిలుక

ఆ పొద్దున కూడా మల్లవ్వ బీడీలకు తడిపిన తునికాకు చాటలో వేసుకుని అరుగు మీద కూర్చుంది. కత్తెర ఆడుతున్నంతసేపూ ఆమె ముంజేతి మీది పచ్చబొట్టు చిలుక ఎగరబోతున్నట్టే ఉంటుంది. కాకపోతే ఆ చిలుకకు ఒకటే రెక్క. చిన్నప్పుడు జాతరలో పొడిపించుకుంటూ, నొప్పికి తాళలేక మధ్యలోనే చెయ్యి గుంజుకుని పరుగెత్తింది. రెండో రెక్క అక్కడితో ఆగిపోయింది. కోరుట్లలో వాళ్ల వాడకట్టున మల్లవ్వలు చాలామందే ఉన్నారు. ఈమె మాత్రం ఒంటిరెక్క మల్లవ్వ. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పేరుతో పిలిస్తేనే పలికేది, పిలిచినవాళ్లతో కలిసి నవ్వేది కూడా.

వాకిట్లో ఆమె మొగుడు దేవయ్య గుడ్డ పరిచి సమ్మె బ్యానర్ రాస్తున్నాడు. గుడ్డ సిరిసిల్ల నుంచి వచ్చింది. మల్లవ్వ చెల్లెలు శాంత మొగుడు అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఫ్లెక్సీలు వచ్చినప్పటి నుంచి దేవయ్య కుంచెలు డబ్బాలో ఎండిపోయాయి. ఇప్పుడు తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బొగ్గు ఆగింది, కరెంటు గంటలకొద్దీ పోతోంది, ఫ్లెక్సీ మిషన్లు మూలన పడ్డాయి. మళ్లీ అందరూ దేవయ్య ఇంటి దారి పట్టారు. మనిషికి ఎక్కడలేని హుషారొచ్చింది.

"బిడ్డా, జగిత్యాల పోతున్నవా?" తల ఎత్తకుండానే అడిగాడు.

"పోతున్న బాపు." కూతురు కవిత చున్నీ సర్దుకుంటూ బయటికొచ్చింది.

"అఫ్సర్ దుకాణంల తెలంగాణ తల్లి బొమ్మ పెద్దగ ప్రింటు తియ్యమని చెప్పిన. ఏమైందో అడుగు. రేపు వంటావార్పు కాడ కట్టాలె."

"బస్సులు లెవ్వు, ఏం లెవ్వు. ఆటోలల్ల ఇరుక్కొని గా ఊరు ఎందుకే నీకు?" అంది మల్లవ్వ.

"నెట్టు పనుందవ్వా."

"ఏం నెట్టో ఏమో. నౌకరైతే అస్తలేదు."

కవిత హైదరాబాదులో బొమ్మల చదువు పూర్తిచేసి వచ్చింది. డ్రాయింగ్ టీచరు కొలువులు ఉద్యమం తేలేదాకా పడేలా లేవు. ఆమె గీసేవి బీడీలు చుట్టే ఆడవాళ్ల ఒళ్లు. బట్టల్లేని ఒళ్లు. బాలింత పొట్టలు, వంగిన వీపులు, ఎండిన రొమ్ములు. కాలేజీలో మెచ్చుకున్నారు. ఊళ్లో ఎవరికి చూపించగలదు? చూసే కళ్లు లేకపోతే ఇంకెందుకు గీయడమని ఆ పిల్ల లోలోపల కుమిలిపోతోంది. అది ఇంట్లో ఎవరికీ తెలియదు.

జగిత్యాలలో అఫ్సర్ దుకాణం ముందు జనరేటర్ దడదడలాడుతోంది. ముందు గదిలో ప్రింటింగు, వెనక గదిలో ఇంటర్నెట్. కవిత బొమ్మలు పెద్దవాళ్లు చూసేవని తెలిసినప్పటి నుంచి అఫ్సర్ ఆమెకు వెనక గదిలో గోడవైపున్న కంప్యూటరే ఇస్తాడు.

"ఇయ్యాల్నన్న దొరుకుతదా చెల్లె, నీ బొమ్మలమ్మే జాగ?"

"చూడాలె భాయ్."

అప్పటికి చాలా చోట్ల తిరిగింది. ఒక సైటు బొమ్మలు పెట్టిన మర్నాడే అసభ్యమని తీసేసింది. ఇంకొకటి ఖాతానే మూసేసింది. మూడోది సంతోషంగా పెట్టుకుంది గానీ, పడగ్గది వీడియోల మధ్యన ఇరికించింది. వాటి పక్కన తన బొమ్మను చూసి, కవిత తనే తీసేసుకుంది. ఈ నాలుగోది బొమ్మలు గీసేవాళ్ల కోసమే నడిపే విదేశీ సైటు. ఇలాంటి బొమ్మలకు వేరే గది పెట్టారు. వయసు చెప్పుకుంటేనే లోపలికి రానిస్తారు. ఎవరైనా కొంటే వాళ్లే ప్రింటు తీసి పంపుతారు.

కవిత తనకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ ఎక్కించింది. తలకు నీళ్లు పోసుకుంటున్న ఆడమనిషి, వెనక నుంచి. వీపంతా తడి. జుట్టు పిండుతూ ఒక చెయ్యి పైకెత్తింది. అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. బొమ్మలో ఉన్న మనిషి ఎవరు, గీయడానికి ఒప్పుకున్నారా అని.

కవిత వేళ్లు ఆగిపోయాయి.

"ఏందట?" అన్నాడు అఫ్సర్, జనరేటర్‌లో డీజిల్ పోయడానికి వెళ్తూ.

"బొమ్మల ఉన్నది ఎవ్వలని అడుగుతున్నడు."

"ఎవ్వలు మరి?"

"ఎవ్వల్లేరు భాయ్. ఊహ." అదే మాట సైటుకు కూడా రాసేసింది.

ఊహ కాదు. పోయిన ఎండాకాలం ప్లాస్టిక్ పట్టా చాటున మల్లవ్వ తలకు పోసుకుంటుంటే, సబ్బు అందించడానికి వెళ్లి చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది. రాత్రికి రాత్రి గీసింది. ముఖం అటు తిప్పింది కదా, ఎవరు గుర్తుపడతారనుకుంది. కానీ ఉన్నది ఉన్నట్టు గీసే అలవాటు ఆమె చేతిది. పైకెత్తిన ఆ చేతి మీద ఒంటి రెక్క చిలుక అచ్చంగా వచ్చి కూర్చుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న చిలుక కాబట్టి, అదొక ఆనవాలని ఆమెకు తోచనే లేదు.

చేతిలో పట్టుకుని చూసుకోవాలనిపించి, ఆ బొమ్మ ప్రింటు ఒకటి కూడా తియ్యమని అఫ్సర్‌కు చెప్పింది. మిషను వేడెక్కి ఉంది, దాన్నీ తల్లి బొమ్మనూ రేపు పంపిస్తానన్నాడు.

మర్నాడు కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు. బండ్లన్నీ ఆపి, నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించారు. ఒకవైపు పాటలు, ఒకవైపు పప్పు ఉడుకుతోంది. మల్లవ్వ, పక్కింటి లస్మవ్వ కూరగాయలు తరుగుతున్నారు. జగిత్యాల నుంచి వచ్చిన ఆటో అతను కాగితం చుట్టిన కట్ట దేవయ్య చేతిలో పెట్టి వెళ్లాడు. అఫ్సర్ తొందరలో రెండు ప్రింట్లూ ఒకే కట్టగా కట్టేశాడు. పైన దేవయ్య పేరే ఉంది.

"తల్లి బొమ్మ అచ్చింది, జరుగుండ్రి జరుగుండ్రి!" అంటూ దేవయ్య కట్ట విప్పి, పైనున్న బొమ్మను రెండు చేతులా పట్టుకుని జనం వైపు తిప్పాడు.

పాట ఆగింది. ఎవరో ఈల వేశారు. దేవయ్యకు ఏమీ అర్థం కాక వంగి తనూ చూశాడు.

"ఓసినీ!" అంది లస్మవ్వ. ఆమె మనసులో కల్మషం లేదు, నోటికే ఆగడం చేతకాదు. "గిది మల్లవ్వ చిలుక గాదె?"

అందరి కళ్లూ ఒక్కసారిగా మల్లవ్వ చేతి మీద పడ్డాయి. ముందర కత్తిపీట, ముంజేతి మీద చిలుక. మల్లవ్వ బొమ్మను చూసింది. తర్వాత చేతిని కొంగులో దాచుకుంది. ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి, రోడ్డు వెంట ఇంటివైపు నడిచింది. కవిత వెనకాల పరుగెత్తింది గానీ, ఆమె ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

దేవయ్య బొమ్మను చుట్టి పట్టుకుని ఇంటికొచ్చాడు.

"అవ్వను బట్టల్లేకుంట గీసి అమ్ముతవానే? ఇంతమందిల నా ఇజ్జత్ తీసినవ్!"

"గది బూతు బొమ్మ గాదు బాపు. మా కాలేజీల గిట్లనే నేర్పిండ్రు."

"నాకు చదువు చెప్పకు!"

"నువ్వు సినిమా కటౌట్లు గియ్యలేదా? తడిసిన చీరెల హీరోయిన్లను తాటిచెట్టంత గీసినవ్. అప్పుడు పోలేదా ఇజ్జత్?"

దేవయ్య చెయ్యి లేచింది. బొమ్మను నలిపినంత పని చేశాడు. "కాలవెడ్త దీన్ని!"

"ఆగుండ్రి." మూలన కూర్చున్న మల్లవ్వ గొంతు చిన్నగానే ఉంది. ఇద్దరూ ఆగిపోయారు. "ఎప్పుడు చూసినవే?"

"ఎండకాలం..."

"నేను తలకు పోసుకునేటప్పుడా?"

"ఊఁ."

"పట్టా చాటున్ననే అనుకున్న. కడుపుల పుట్టిన బిడ్డనే గదా అని నువ్వస్తే కొంగు సుత అడ్డం పెట్టుకోలే." ఒక్క క్షణం ఆగింది. "నన్నెందుకు అడగలే?"

"అడిగితే ఒద్దంటవని."

"ఔ. ఒద్దనేదాన్నే. ఎరుకయ్యే అడగలే నువ్వు."

  దేవయ్య బొమ్మను చంకన పెట్టుకుని పెరట్లో పొయ్యి వైపు వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి మల్లవ్వ చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. మణికట్టు దాకా గుండీ పెట్టేది. ఆ ఉక్కలో, ఫ్యాను తిరగని ఇంట్లో, చెమటలు కారుతున్నా విప్పలేదు. చేసిన బీడీలు లస్మవ్వతో పంపేది గానీ తను గడప దాటలేదు. లస్మవ్వ వచ్చి కళ్లొత్తుకుని పోయింది. వాడలో ఎవరూ ఆమెను ఒంటిరెక్క అనడం లేదు. జాలిపడి, మర్యాదగా, మల్లవ్వ అంటున్నారు. అలా పిలిచినప్పుడల్లా ఆమె ముఖం ఇంకాస్త చిన్నబోయేది. ఆ సంగతి కవిత చూసింది. తల్లి పేరు తనే ఊడబెరికానని అర్థమై, గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఏడుపు తీరాక లేచి జగిత్యాల వెళ్లింది.

"మాఫ్ చెయ్యి చెల్లె," అన్నాడు అఫ్సర్ చూడగానే. "రెండు వేర్వేరుగ కట్టాల్సింది నేను."

"తప్పు కట్టినోల్లది గాదు భాయ్. గీసినదానిది."

సైటు తెరిస్తే ఒక ఉత్తరం కనిపించింది. ఎవరో దూరదేశపావిడ ఆ బొమ్మనే కొంటానన్నారు. ఆ చేతి మీది పిట్టను చూస్తూ ఉండిపోయానని, ఈమె ఎవరో చెబుతారా అని రాశారు. కవిత ఇన్నేళ్లూ ఆశపడింది ఇలాంటి ఒక్క ప్రశ్న కోసం. అది ఇప్పుడొచ్చింది.

"ముబారక్!" అన్న అఫ్సర్, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇయ్యలేను భాయ్."

ఆమె బొమ్మను తీసేసింది. ఊహ అని రాసింది అబద్ధమని సైటువాళ్లకు ఒప్పుకుంది. ఆ విదేశీ ఆవిడకూ జవాబు రాసింది.

"గట్ల రాస్తే మల్ల నీ బొమ్మలు పెట్టనిస్తరా వాళ్లు?"

"ఇయ్యకపోవచ్చు."

తిరిగొచ్చేసరికి మల్లవ్వ అదే అరుగు మీద, అదే చొక్కాలో ఉంది. దేవయ్య కొంచెం దూరంలో కుంచెలు కడుగుతున్నాడు. కవిత తల్లి ముందు కింద కూర్చుంది.

"బొమ్మ తీసేసిన అవ్వా. కొనెటామె అచ్చింది. ఇయ్యనని చెప్పిన."

మల్లవ్వ కత్తెర ఆపలేదు. కాసేపటికి, "ఏమన్నదామె?" అంది.

"నీ చిలుక మస్తు నచ్చిందట. గీమె ఎవ్వలని అడిగింది."

"నువ్వేం జెప్పినవ్?"

"మా అవ్వ అని చెప్పిన. అడగకుంట గీసిన, అది అమ్మే హక్కు నాకు లేదని చెప్పిన." కవిత చాటలో చెదిరిన ఆకులు దగ్గరికి జరిపింది. "గా సైటోల్లు సుత అడిగిండ్రు అవ్వా, బొమ్మల మనిషి ఒప్పుకున్నదా అని. ఎన్నడు చూడనోల్లు అడిగిండ్రు. నేను అడగలే."

కత్తెర ఆగింది.

"గా బొమ్మ ఏది?"

"బాపు కాలవెట్టె గదా."

దేవయ్య ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, అటక మీద నుంచి కట్ట దించుకుని వచ్చాడు.

"పొయ్యి దాంక పోయిన," అన్నాడు నేల చూస్తూ. "నీ అవ్వ మీద అగ్గిపుల్ల గీసినట్టయింది. చేతులు రాలే."

మల్లవ్వ ఆ కట్ట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. తలుపు తెరుచుకునేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా ఈపు నేనెన్నడు చూసుకోలే," అంది. "గంత వంగిపోయిందానే?"

"బీడీలు జేసి జేసి అవ్వా..." కవిత ఆమె మోకాళ్లలో తల పెట్టి భోరుమంది. "తప్పయింది. మాఫ్ చెయ్యి."

మల్లవ్వ చెయ్యి చాలాసేపు గాలిలోనే ఉంది. తర్వాత బిడ్డ తల మీద పడింది.

"మంచిగనే గీసినవ్. అందుకే ఎక్కువ మండింది నాకు. గిది నా పెట్టెల ఉంటది. నేనున్నన్ని దినాలు ఎవ్వల కండ్ల పడొద్దు."

"పడదు."

మల్లవ్వ మణికట్టు దగ్గర గుండీ విప్పింది. చొక్కా చెయ్యిని మోచేతి దాకా మడిచింది. చెమటకు పాలిపోయిన ముంజేతి మీద చిలుక బయటపడింది.

"చెయ్యి అమ్ముకో," అంది. "ఈపు నాది."

కవిత కన్నీళ్లు తుడుచుకుని కాగితం, పెన్సిల్ తెచ్చుకుంది. దేవయ్య లేచి, వచ్చేపోయేవాళ్లు చూడకుండా బ్యానర్ గుడ్డ ఒకటి అరుగుకు అడ్డంగా కట్టి, దాని అవతల కాపలాగా కూర్చున్నాడు. కవిత పెన్సిల్ కాగితం దాకా తెచ్చి ఆగింది.

"అవ్వా, గీయన్నా?"

 చదువు మాన్పించినప్పుడు, పెళ్లి చేసినప్పుడు, చివరికి చిలుకను పొడిపించినప్పుడు కూడా మల్లవ్వను ఎవరూ ఒక మాట అడిగి ఎరుగరు. ఆ ప్రశ్నకు కళ్లు నిండిపోయాయి. ఎవరూ తొందరపెట్టకపోవడంతో నిదానంగానే ఆలోచించుకుంది.

"గీయి బిడ్డా," అంది.